మూగజీవి గిన్నె – కనిపించని తీగ

పాఠ్యభాగ పరిచయం

ఇది వివరణాత్మక వ్యాసం. పెంపుడు జంతువులకు వేళ తప్పకుండా ఆహారం అందించే స్వయంచాలక యంత్రాలు నేడు నగరాల్లోని ఇండ్లలో కనిపిస్తున్నాయి. అవి వైఫై ద్వారా ఇంటి యజమాని ఫోనుతో అనుసంధానమై ఉంటాయి. ఆ అనుసంధానం తెగినప్పుడు లోపం ఎక్కడ ఉన్నదో ఎట్లా కనుగొనాలి, లోపం తొలగేలోగా ఆ ప్రాణి సంగతి ఏమిటి అనే రెండు ప్రశ్నలకు ఈ పాఠం సమాధానం చెబుతుంది.

చందానగర్‌లో ఒక మధ్యాహ్నం

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, ముంబై రహదారి మీద, మియాపూర్‌కూ లింగంపల్లికీ నడుమ ఉన్న ప్రాంతం చందానగర్. ఒకప్పుడు ఇది శేరిలింగంపల్లి పురపాలక సంఘంలో భాగం. 2007లో ఆ పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో విలీనమైంది. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన తరువాత ఈ పరిసరాల రూపురేఖలు మారిపోయాయి. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడవడం మొదలైంది. నేడు చందానగర్ స్టేషనులో రైలెక్కినవారు హఫీజ్‌పేట దాటి హైటెక్ సిటీ స్టేషనులో దిగి కార్యాలయాలకు చేరుకుంటారు. ఉదయం బయలుదేరినవారు తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అంతవరకు ఇంట్లో ఒంటరిగా ఉండే పెంపుడు కుక్కకో పిల్లికో వేళకు తిండి పెట్టేదెవరు? ఈ అవసరం నుంచే ఆహారయంత్రం ఇంట్లోకి వచ్చింది.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఐదో అంతస్తులోని వాటా. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. ఇంట్లో ఒక పిల్లి ఉన్నది. అమెరికాలో ఉన్న అక్క తెచ్చి ఇచ్చిన ఆహారయంత్రం వంటగది పక్కన ఉన్నది. రోజుకు మూడుసార్లు నిర్ణీత సమయానికి గిన్నెలో పిడికెడు గింజలు రాలుస్తుంది. ఒకనాటి మధ్యాహ్నం ఆ ఇల్లాలు కార్యాలయంలో ఫోను తెరిచి చూసింది. తెరమీద “పరికరం అందుబాటులో లేదు” అనే వాక్యం కనిపించింది. ఆమె గుండె ఝల్లుమన్నది. వెంటనే ఎదురింటి పెద్దావిడకు ఫోను చేసింది.

“పిన్నిగారూ, మా తాళంచెవి మీ దగ్గరే ఉన్నది కదా! ఒక్కసారి తలుపు తీసి పిల్లి గిన్నె చూస్తారా?”

“చూశానమ్మా. గిన్నెలో గింజలు పడే ఉన్నాయి. మీ పిల్లి సగం తిని కిటికీ దగ్గర నిద్రపోతున్నది. నీవు కంగారుపడకు.”

ఈ చిన్న సంభాషణలోనే మనం నేర్వవలసిన మొదటి పాఠం ఉన్నది. ఫోనులో కనిపించనంత మాత్రాన యంత్రం పని మానినట్లు కాదు. అట్లాగే ఫోనులో “ఆహారం అందింది” అని కనిపించినంత మాత్రాన ఆ ప్రాణి తిన్నట్లూ కాదు. గింజలు గొట్టంలో ఇరుక్కుపోయి ఉండవచ్చు. అనుసంధానం వేరు, ఆహారం వేరు. మొదట గిన్నెను చూడాలి, ఆ తరువాతే వైఫైని చూడాలి.

ఎందుకింత శ్రద్ధ?

ఒక పూట తిండి ఆలస్యమైతే ఆరోగ్యవంతమైన జంతువుకు పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు. కాని యజమానులు రెండు మూడు రోజులు ఊరు వెళ్లినప్పుడు పరిస్థితి వేరు. వరుసగా కొన్ని రోజులు ఆహారం లేని పిల్లిలో, ముఖ్యంగా స్థూలకాయం గల పిల్లిలో, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం ఏర్పడవచ్చు. మధుమేహానికి మందు తీసుకొనే జంతువుకు ఆహారవేళ తప్పడం మరింత ప్రమాదకరం. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం, పెంచుకొనే జంతువుకు తగినంత ఆహారం, నీరు, ఆశ్రయం కల్పించకపోవడం కూడా హింస కిందికే వస్తుంది. యంత్రాన్ని కొన్నంత మాత్రాన ఈ బాధ్యత యంత్రానికి బదిలీ కాదు.

నన్నయ ఆదిపర్వంలోని సరమ వృత్తాంతం మనకు తెలిసినదే. ఏ తప్పూ చేయని తన పిల్లను కొట్టినందుకు సరమ అనే దేవశునకం జనమేజయుని నిలదీస్తుంది. ఒక మూగజీవి పక్షాన రాజును ప్రశ్నించే ఘట్టం ఆంధ్ర మహాభారతం ఆరంభంలోనే ఉండడం గమనించదగిన విషయం.

వైఫై అంటే ఏమిటి?

వైఫై రేడియో తరంగాల మీద ఆధారపడిన విధానం. విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని 1880 దశకం చివర హెర్ట్జ్ ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ అతి తక్కువ పొడవు గల తరంగాలను గోడల గుండా పంపి దూరంగా ఉన్న గంటను మోగించి చూపాడు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపింది. 1997లో 802.11 అనే ప్రమాణం వెలువడింది. 1999 నుంచి వైఫై అనే పేరు వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకొనే వీలు 2005లో కలిగింది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విస్తృతమైన భాగాన్ని 2018లో ఇదే విధంగా విడుదల చేశారు.

ఈ రెండు పట్టీల స్వభావాలు వేరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను దాటి కొంత దూరం పోగలదు, కాని వేగం తక్కువ. రెండవది వేగవంతమైనది, కాని గోడల దగ్గర త్వరగా నీరసిస్తుంది. ఆహారయంత్రానికి వేగంతో పనిలేదు. కాబట్టి తయారీదారులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన చవకైన చిప్‌ను అందులో అమరుస్తారు. కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఐదు కడియాల గొలుసు

ఫోనులో “గింజలు వేయి” అనే మీట నొక్కితే ఆ ఆదేశం నేరుగా గిన్నె దగ్గరికి పోదు. ఫోను నుంచి అంతర్జాలం ద్వారా తయారీసంస్థ సర్వరుకు, అక్కడి నుంచి ఇంటికి వచ్చే ఇంటర్నెట్ తీగకు, ఆ తీగ నుంచి రౌటరుకు, రౌటరు నుంచి గాలిలో యంత్రానికి, చివరకు యంత్రంలోని మోటారుకు చేరుతుంది. ఫోను, సర్వరు, తీగ, రౌటరు, యంత్రం అనే ఈ ఐదింటినీ ఐదు కడియాల గొలుసుగా భావించవచ్చు. ఏ కడియం తెగినా ఫోనులో కనిపించే వాక్యం ఒక్కటే. కాబట్టి ఆ వాక్యాన్ని బట్టి తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. ఒక్కొక్క కడియాన్ని విడివిడిగా పరీక్షించాలి. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. చేసిన మార్పును కాగితం మీద రాసుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఫలించిందో తెలియదు. ప్రయోగశాలలో మనం పాటించే నియమమే ఇది.

పరీక్షా క్రమం

మొదటిది విద్యుత్తు. యంత్రం మీది దీపం వెలుగుతున్నదా? అడాప్టరు వదులుగా ఉన్నదా? అనేక యంత్రాల్లో కరెంటు పోయినప్పుడు అక్కరకు వచ్చే బ్యాటరీలు ఉంటాయి. అయితే బ్యాటరీ మీద నడిచేటప్పుడు శక్తిని ఆదా చేయడానికి కొన్ని యంత్రాలు వైఫైని ఆపివేసి, మోటారును మాత్రమే నడుపుతాయి. అప్పుడు ఆహారం అందుతుంది, ఫోనుకు సమాచారం అందదు. విదేశాల నుంచి తెచ్చిన యంత్రమైతే మరొక జాగ్రత్త అవసరం. అమెరికాలో ఇండ్లకు 120 వోల్టుల విద్యుత్తు వస్తుంది. మన దేశంలో 230 వోల్టులు. అడాప్టరు మీద “100–240 వోల్టులు” అని ముద్రించి ఉంటేనే నేరుగా వాడాలి.

రెండవది ఇంటర్నెట్. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. రౌటరుతో సంబంధం ఉన్నప్పటికీ రౌటరుకు బయటి నుంచి ఇంటర్నెట్ రాకపోవచ్చు. ఫోనులో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫై మీద ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే లోపం యంత్రంలో లేదు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు ఫోను చేయాలి.

మూడవది పట్టీ. నేటి రౌటర్లు రెండు పట్టీలనూ ఒకే పేరుతో ప్రసారం చేస్తాయి. ఫోను వేగవంతమైన 5 గిగాహెర్ట్జ్ పట్టీని ఎంచుకుంటుంది. యంత్రానికి ఆ పట్టీ కనిపించదు. ఆ కారణంగా జత కలిపే ప్రయత్నం కొన్నిసార్లు విఫలమవుతుంది. రౌటరు అమరికలో రెండు పట్టీలకు రెండు పేర్లు పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్ పేరును యంత్రానికి ఇవ్వడం దీనికి పరిష్కారం. అది కుదరకపోతే అతిథుల నెట్‌వర్కును 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ప్రారంభించి, యంత్రాన్ని దానికి కలపవచ్చు.

నాలుగవది పేరు, సంకేతపదం. సంకేతపదంలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరువేరుగా పరిగణింపబడతాయి. సాధారణంగా ఇండ్లలో వాడే రక్షణ విధానంలో సంకేతపదానికి కనీసం 8, గరిష్ఠంగా 63 అక్షరాలు ఉండవచ్చు. నెట్‌వర్కు పేరుకు 32 బైట్ల పరిమితి ఉన్నది. యూనికోడ్‌లో తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడి సంకేతాలే. అంటే తెలుగులో పేరు పెడితే పది సంకేతాలతోనే స్థలం నిండిపోతుంది. పైగా కొన్ని చిన్న పరికరాలు ఇతర లిపులను, ఖాళీలను, ప్రత్యేక చిహ్నాలను సరిగా చదవలేవు. మాతృభాష మీద అభిమానం ఉన్నా, ఈ ఒక్కచోట సాదా ఆంగ్లాక్షరాల పేరే మేలు.

ఐదవది రక్షణ విధానం. 2018లో డబ్ల్యు.పి.ఎ.3 అనే కొత్త రక్షణ విధానం వచ్చింది. రౌటరును దానికే పరిమితం చేస్తే 2004 నాటి డబ్ల్యు.పి.ఎ.2 మాత్రమే తెలిసిన పరికరాలు చేరలేవు. రెండింటినీ అనుమతించే మిశ్రమ అమరికను ఎంచుకోవాలి. భయపడి రక్షణను పూర్తిగా తీసివేయడం మాత్రం తగదు. కెమెరా ఉన్న యంత్రమైతే ఇంటి గుట్టు వీధిన పడుతుంది.

ఆరవది స్థానం. రౌటరు హాలులో ఉండి, యంత్రం వంటగదిలో ఫ్రిజ్ వెనుక ఉంటే సంకేతం బలహీనపడుతుంది. ఇనుప బీరువా, కాంక్రీటు గోడ, చేపల తొట్టిలోని నీరు తరంగాలకు అడ్డంకులు. మైక్రోవేవ్ పొయ్యి సుమారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కాబట్టి అది నడిచేంతసేపు పక్కనున్న వైఫై తడబడవచ్చు. సంకేతబలాన్ని డి.బి.ఎం. అనే కొలతలో చెబుతారు. మైనస్ 50 అంటే మంచి బలం, మైనస్ 80 అంటే నీరసం. ఈ రెండింటి మధ్య తేడా 30 మాత్రమే అనిపిస్తుంది. కాని ప్రతి 10కి శక్తి పదో వంతుకు తగ్గుతుంది కనుక, 30కి వెయ్యో వంతుకు తగ్గుతుంది. యంత్రాన్ని రెండడుగులు జరపడం ఎంత మేలు చేస్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఏడవది ఫోను. జత కలిపే సమయంలో ఫోనులో బ్లూటూత్, స్థాన సమాచారం, సమీప పరికరాలను గుర్తించే అనుమతి అవసరం కావచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఫోన్లలో కార్యాలయపు వి.పి.ఎన్. ఉండడం సహజం. అది పనిచేస్తుండగా ఫోను పక్కనున్న యంత్రాన్ని కనుగొనలేకపోవచ్చు. జత కలిపేంతవరకు దానిని ఆపి ఉంచాలి.

పేయింగ్ గెస్ట్ వసతిగృహాల్లో ఉండేవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. అక్కడ వైఫైలో చేరగానే పేరు, గది సంఖ్య అడిగే పేజీ తెరుచుకోవడం కద్దు. తెర లేని ఆహారయంత్రం ఆ పేజీని నింపలేదు. అటువంటిచోట సొంత చిన్న రౌటరు ఏర్పాటు చేసుకోవడమో, వసతిగృహ నిర్వాహకుని అడిగి యంత్రానికి విడిగా అనుమతి పొందడమో చేయాలి.

చిట్టచివరిది పునఃస్థాపన. యంత్రాన్ని కొన్ననాటి స్థితికి తెచ్చే మీట ప్రతి యంత్రానికీ ఉంటుంది. చాలామంది మొదటే దానిని నొక్కుతారు. అది పొరపాటు. ఆ మీటతో అందులో దాచిన ఆహారవేళలు, పరిమాణాలు చెరిగిపోవచ్చు. అప్పటివరకు ఫోనుకు కనిపించకపోయినా వేళకు గింజలు వేస్తున్న యంత్రం, ఆ క్షణం నుంచి నిజంగానే తిండి మానేస్తుంది. వేళలన్నీ కాగితం మీద రాసుకొని, వేరే మార్గం లేనప్పుడే దానిని ఉపయోగించాలి.

మన ఇంటి సమస్య తీరిన విధం

మనం ఊహించుకొన్న ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇల్లాలు సాయంత్రం ఇంటికి వచ్చి పరీక్ష మొదలుపెట్టింది. దీపం వెలుగుతున్నది. ఇంటర్నెట్ ఉన్నది. పేరు, సంకేతపదం మారలేదు. యంత్రం స్థానం మారలేదు. నిన్నటివరకు అన్నీ సరిగానే ఉన్నాయి. మరి ఈ రోజు మారినదేమిటి? వాచ్‌మన్‌ను అడిగితే పదకొండు గంటలకు కరెంటు పోయి, జనరేటరు అందుకొన్నదని చెప్పాడు. ఆ కొద్ది సేపట్లో రౌటరు ఆగి, మళ్లీ మొదలైంది.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీని చానళ్లుగా విభజించారు. మన దేశంలో 1 నుంచి 13 వరకు చానళ్లు వాడుకోవచ్చు. పక్కపక్క చానళ్ల కేంద్రాల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్క ప్రసారం సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. అందువల్ల పక్క చానళ్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకదానికొకటి అడ్డుపడని చానళ్లుగా 1, 6, 11లను ఎంచుకోవడం పరిపాటి. అపార్టుమెంటులో ప్రతి వాటాలోనూ ఒక రౌటరు ఉంటుంది. అందువల్ల మళ్లీ మొదలైన రౌటరు రద్దీ తక్కువగా ఉన్న చానలును వెతుక్కొని 13వ చానలులో కూర్చున్నది. ఆ ఇంటి ఫోన్లకు అది కనిపించింది. కాని అమెరికా అవసరాలకు తయారైన ఆ యంత్రానికి అక్కడ వాడుకలో ఉన్న 1 నుంచి 11 వరకు చానళ్లు మాత్రమే తెలుసు. అది పాతచోట వెతుకుతూనే ఉన్నది, రౌటరు మరోచోట పిలుస్తూనే ఉన్నది. రౌటరు అమరికలో స్వయంచాలక ఎంపికను మాన్పించి 6వ చానలును స్థిరం చేయగానే రెండు నిమిషాల్లో యంత్రం ఫోనులో ప్రత్యక్షమైంది.

కొత్త యంత్రం కొనే పని గాని, పాత యంత్రాన్ని తుడిచివేసే పని గాని కలగలేదు. “ఏమి మారింది?” అనే ఒక్క ప్రశ్న దారి చూపింది.

మన చేతిలో లేని కడియం

గొలుసులో సర్వరు అనే కడియం మన ఇంట్లో ఉండదు. 2016 జులైలోనూ, మళ్లీ 2020 ఫిబ్రవరిలోనూ అమెరికాకు చెందిన పెట్‌నెట్ అనే సంస్థ సర్వర్ల సేవకు అంతరాయం కలిగింది. అక్కడి పెంపుడు జంతువుల యజమానులు ఆందోళన చెందారు. ఇంట్లో రౌటరు, తీగ, యంత్రం అన్నీ సరిగా ఉన్నా ఇటువంటి స్థితి ఏర్పడవచ్చు. అందువల్ల యంత్రం కొనేటప్పుడే ఒక ప్రశ్న అడగాలి. ఆహారవేళలు యంత్రంలోనే నిలిచి ఉంటాయా, లేక ప్రతిసారీ సర్వరు నుంచి ఆదేశం రావాలా?

అమ్మేవారి మాటతో ఆగకుండా స్వయంగా పరీక్షించడం ఉత్తమం. ఒక సెలవురోజున ఇంట్లో ఉండి, భోజనవేళకు ముందు రౌటరును ఆపివేయాలి. వేళకు గింజలు పడితే యంత్రం స్వతంత్రమైనదని అర్థం. తరువాత యంత్రానికి కరెంటు కూడా తీసివేసి బ్యాటరీల మీద అదే పరీక్ష చేయాలి. ఈ రెండు పరీక్షల్లో నెగ్గని యంత్రాన్ని నమ్మి ఊరు వెళ్లరాదు. నెగ్గిన యంత్రమైనా సరే, ఒక గిన్నె నిండా నీరు, అదనంగా కొంత ఆహారం, తాళంచెవి ఉన్న ఒక పొరుగువారు తప్పక ఉండాలి.

ముగింపు

శాస్త్రవిజ్ఞానం మనిషికి వెసులుబాటు ఇస్తుంది. కాని శ్రద్ధ నుంచి సెలవు ఇవ్వదు. వైఫై తెగినప్పుడు క్రమం తప్పకుండా ఒక్కొక్క కడియాన్ని పరీక్షించడం వివేకం. దానికంటే ముందు గిన్నెలో గింజలున్నాయో లేదో చూడడం దయ. ఆనాటి మధ్యాహ్నం ఐదు కడియాల గొలుసులో ఒకటి తెగింది. అయినా ఎదురింటి తలుపు తెరుచుకున్నది. ఆ మూగజీవికి తన ఆకలిని ఫోనులో చెప్పుకొనే శక్తి లేదు. ఆ సంగతిని గుర్తుంచుకోవలసినది మనమే.

కఠిన పదాలు – అర్థాలు

స్వయంచాలక = తనంతట తాను పనిచేసే
అనుసంధానం = కలయిక, జోడింపు
కడియం = గొలుసులోని ఒక వలయం
సంకేతపదం = రహస్యంగా ఉంచుకొనే ప్రవేశపదం
పునఃస్థాపన = మునుపటి స్థితికి తేవడం
పరిపాటి = వాడుక, అలవాటు

అభ్యాసం

1. “అనుసంధానం వేరు, ఆహారం వేరు” – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ఆహారయంత్రానికి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ఎందుకు అవసరమవుతుంది?
3. 13వ చానలు ఫోనుకు కనిపించి యంత్రానికి కనిపించకపోవడానికి కారణం ఏమిటి?
4. పునఃస్థాపన మీటను చివరి ఉపాయంగా మాత్రమే ఎందుకు వాడాలి?
5. మీ ఇంట్లోని ఏదైనా ఒక పరికరం పనిచేయనప్పుడు లోపాన్ని కనుగొన్న విధానాన్ని పది వాక్యాల్లో రాయండి.